ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్‌లో రీబర్త్ సౌండ్ తెగిపోతోంది

విశాఖ ఉప్పుగాలికి పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు తుప్పు పట్టి పోయింది. హార్డ్‌డిస్క్ బతికింది. అందులో రీబర్త్ ఆర్‌బీ-338 అనే పాత మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్న ట్యూన్లున్నాయి. విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా పాత విండోస్‌ను నడిపే ఏర్పాటు) పెట్టి తెరిచాను. రీబర్త్‌లోని 808 డ్రమ్స్ ఒక్కటే అయితే శుభ్రంగా మోగుతాయి. రెండు 303 బేస్ సింథ్‌లూ కలిపి డిస్టార్షన్ ఆన్ చేస్తే మాత్రం చిటపటలు. స్లైడ్‌లో నోటు జారాల్సిన చోట టక్కున తెగుతోంది. ఆ జారుడులోనే కదా ఆ సింథ్ అందమంతా!

లేటెన్సీ (సౌండ్ బయటికొచ్చే ముందు పట్టే ఆలస్యం), ర్యామ్ పెంచాను. సౌండ్ డ్రైవర్‌గా డైరెక్ట్‌సౌండ్ బదులు ఎంఎంఈ పెట్టి చూశాను. శాంపిల్ రేటు రెండువైపులా 44.1 కిలోహెర్ట్జే. ద్వారకానగర్ షాపుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు, కానీ నాకు ఆ సౌండే కావాలి.

వర్చువల్ మెషీన్‌లో రీబర్త్‌ను తెగకుండా నడిపినవాళ్లు సౌండ్‌కార్డ్‌గా ఏది ఎంచుకున్నారు, ఏసీ97నా, సౌండ్ బ్లాస్టర్ 16నా?