హరాజుకులో డెకోరా, లోలిటా వాళ్లు ఇప్పుడెక్కడ కలుస్తున్నారు?

టోక్యోలో ఉన్నవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి ప్లీజ్. తెలియనివాళ్ల కోసం: హరాజుకు అంటే టోక్యోలో కుర్రకారు ఫ్యాషన్‌కి పేరుపడ్డ పేట, డెకోరా అంటే ఒంటి నిండా రంగురంగుల క్లిప్పులు, బొమ్మలు పెట్టుకునే స్టైల్, లోలిటా అంటే పాతకాలపు బొమ్మల్లా లేసులు, కుచ్చుల గౌన్లు వేసుకునే స్టైల్. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. షోయిచి అవోకి 1997లో మొదలుపెట్టిన ఫ్రూట్స్ పత్రికలో హరాజుకు పిల్లల ఫొటోలు చూసినప్పటి నుంచి ఆ వీధి స్టైల్ అంటే నాకు ప్రాణం. వరసగా మూడు ఆదివారాలు తకేషితా వీధి, జింగూ వంతెన చుట్టూ తిరిగాను, ఎటు చూసినా క్రేప్‌లు తింటున్న టూరిస్టులే.

ఒక్క డెకోరా అమ్మాయి మాత్రం కనిపించింది. నుదురు కనపడకుండా జుట్టు నిండా రంగురంగుల ప్లాస్టిక్ క్లిప్పులు, మెడలో బొమ్మల దండలు, నడుస్తుంటే గలగలమని చప్పుడు, అన్నీ పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో పాపం! ఫొటో అడుగుదామనుకున్నా కానీ నోరు పెగల్లేదు. అడక్కుండా తీయడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు, వాళ్లు తయారయ్యేది మనకు చూపించడానికి కాదు కదా.

హరాజుకులో ఆదివారాలు బండ్లు ఆపేసి రోడ్డును నడిచేవాళ్లకి వదిలే పద్ధతి 1998లో పోయిందని, పత్రిక కూడా 2017లో ఆగిపోయిందని తెలుసు. మరి ఇప్పుడు వీళ్లంతా ఎక్కడ కలుస్తున్నారు? లోలిటా వాళ్ల టీ పార్టీలకి కొత్తవాళ్లని రానిస్తారా? జపనీస్‌లో ఫొటో మర్యాదగా ఎలా అడగాలి? సెకండ్ హ్యాండ్‌లో లోలిటా గౌను కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి.