సిస్టమ్ ఈవెంట్లను యాప్ భాగాలకు చేరవేయడం: ప్రతి తెరా వినాలా?

కాటా_కోడ్ (హన్మకొండ):
ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తిదారుల కోసం తూకాలు నమోదు చేసే ఆండ్రాయిడ్ యాప్‌ను చూసుకుంటున్నాను. మిర్చి సీజన్‌లో యార్డు కిక్కిరిసినప్పుడు సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది కనుక, తూకాలను ముందు ఫోన్‌లోనే భద్రపరచి, నెట్ వచ్చాక సర్వర్‌కు పంపుతాము. నాకు అందిన పాత కోడ్‌లో కాటా తెర, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) తెర, వెనుక నడిచే సర్వీస్ మూడూ నెట్ వచ్చిన కబురును వేర్వేరుగా వింటున్నాయి. అందువల్ల ఒక్కోసారి ఒకే తూకం సర్వర్‌లో రెండుసార్లు పడుతోంది. పైగా యాప్ మూసి ఉంటే ఆ కబురు అసలు అందడమే లేదు. మీరు ఈ చిక్కును ఎలా తీర్చుకున్నారో తెలుపగలరు.

మానేరు_దేవ్ (కరీంనగర్):
రెండవ ఇబ్బందికి కారణం ఆండ్రాయిడ్ నియమమే. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0ను టార్గెట్ చేసిన (ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు తయారైన) యాప్‌ల నుంచి, మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైలులో) రాసిన రిసీవర్‌కు (కబురు వినే భాగానికి) కనెక్టివిటీ మార్పు బ్రాడ్‌కాస్ట్ (సిస్టమ్ పంపే కబురు) రావడం ఆగిపోయింది. మరుసటి ఏడాది 8.0 ఆ ఆంక్షను చాలా వరకు ఇంప్లిసిట్ (ఫలానా యాప్‌కని కాకుండా అందరికీ పంపే) బ్రాడ్‌కాస్ట్‌లన్నిటికీ వర్తింపజేసి, ఫోన్ ఆన్ అయిన కబురు వంటి కొన్నింటిని మాత్రం మినహాయించింది. ఒక్క కబురుకు పదుల కొద్దీ యాప్‌లు ఒకేసారి మేల్కొని మెమరీని, బ్యాటరీని తినేయడం వల్లనే ఇదంతా వచ్చింది.

యాప్ మూసి ఉన్నా పని జరగాలంటే, దానిని ‘నెట్ ఉంటేనే’ అన్న షరతుతో వర్క్‌మేనేజర్‌కు (వెనుక పనులను వీలు చూసి నడిపే లైబ్రరీకి) అప్పగించండి. ఫోన్ డోజ్‌లో (బ్యాటరీ ఆదా చేసే నిద్రలో) ఉంటే కొంత ఆలస్యం తప్పదు.

తెరల విషయానికి వస్తే, వాటికి సిస్టమ్‌తో నేరుగా పని ఉండకూడదని నా అభిప్రాయం. ఒకే రిపాజిటరీలో (డేటాను చూసుకునే క్లాసులో) డిఫాల్ట్ నెట్‌వర్క్ కాల్‌బ్యాక్‌ను (నెట్ మారినప్పుడు సిస్టమ్ పిలిచే ఫంక్షన్‌ను) నమోదు చేసి, కాల్‌బ్యాక్‌ఫ్లోతో (కాల్‌బ్యాక్‌ను డేటా ప్రవాహంగా మార్చేది) చుట్టి, వినడం ముగిసినప్పుడు నడిచే అవెయిట్‌క్లోజ్‌లో ఆ నమోదును రద్దు చేసి, ఫలితాన్ని స్టేట్‌ఫ్లోగా (తాజా విలువను ఎప్పుడూ దగ్గర ఉంచుకునే ప్రవాహంగా) అందించండి. ‘ఆన్‌అవైలబుల్’ (నెట్‌వర్క్ దొరికిందన్న కబురు) వచ్చినంత మాత్రాన నెట్ నిజంగా పనిచేస్తోందని నమ్మవద్దు. ఆ నెట్‌వర్క్ కేపబిలిటీలలో ‘వ్యాలిడేటెడ్’ (నెట్ అందుతోందని సిస్టమ్ సరిచూసిన గుర్తు) ఉన్నదో లేదో చూడాలి. మార్కెట్ వంటి చోట ఈ తేడా బాగా తెలుస్తుంది: పైన సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, డేటా మాత్రం కదలదు.

జంపన్నవాగు (ములుగు):
అంత మార్పు అవసరమా? లోకల్ బ్రాడ్‌కాస్ట్ మేనేజర్‌తో (యాప్ లోపలే కబుర్లు పంపే సాధనంతో) ఒకచోట విని మిగతా వాటికి పంపితే సరిపోదా?

మానేరు_దేవ్ (కరీంనగర్):
పనిచేస్తుందండీ, కానీ గూగుల్ దానిని డిప్రికేట్ చేసింది (ఇక వాడవద్దని చెప్పింది). ఎవరు పంపుతున్నారో, ఎవరు వింటున్నారో కోడ్ చదివి తెలుసుకోవడం కష్టం. పైగా కబురు వెళ్ళిన తర్వాత తెరుచుకున్న తెరకు అది చేరదు. స్టేట్‌ఫ్లో అయితే ఎప్పుడు వచ్చి అడిగినా తాజా స్థితినే చెబుతుంది.

కాజీపేట_జంక్షన్:
అయితే రిసీవర్లను పూర్తిగా వదిలేయలేము. బ్లూటూత్ కాటా తెగిపోయిన సంగతి ఇప్పటికీ బ్రాడ్‌కాస్ట్‌గానే వస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి బ్లూటూత్ కనెక్ట్ అనుమతి కూడా కావాలి. రిసీవర్‌లోని ఆన్‌రిసీవ్ ఫంక్షన్ మెయిన్ థ్రెడ్‌పై (తెరను నడిపే థ్రెడ్‌పై) నడుస్తుంది కనుక అందులో డేటాబేస్ పని పెట్టకుండా, స్థితిని రిపాజిటరీకి అందించి బయటపడాలి. మీ యాప్ సొంత బ్రాడ్‌కాస్ట్‌లు వాడుతూ ఆండ్రాయిడ్ 14ను టార్గెట్ చేస్తుంటే, కోడ్‌లో నమోదు చేసే రిసీవర్‌కు ‘నాట్ ఎక్స్‌పోర్టెడ్’ (బయటి యాప్‌ల కబుర్లు వద్దనే) ఫ్లాగ్ పెట్టండి. సిస్టమ్ కబుర్లు మాత్రమే వినే రిసీవర్‌కు ఆ ఫ్లాగ్ అక్కరలేదు.

ఇక రెండుసార్లు పడే తూకం సంగతి. వినేవారిని ఒక్కరికి తగ్గించినా అది పూర్తిగా పోదు. సర్వర్ తూకాన్ని రాసుకున్నాక, జవాబు తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోతే, ఫోన్ అదే తూకాన్ని మళ్ళీ పంపుతుంది. కాటా వేసిన క్షణంలోనే ఫోన్‌లో ఒక యూయూఐడీ (మరో తూకానికి రాని గుర్తింపు ఐడీ) పుట్టించి, సర్వర్ పట్టికలో దానిపై యూనిక్ నిబంధన (ఒకే ఐడీని రెండుసార్లు రాయనివ్వనిది) పెట్టండి.

కాటా_కోడ్ (హన్మకొండ):
ధన్యవాదాలు. ఇప్పటికే ఫోన్లలో పంపకుండా మిగిలిన పాత తూకాలకు ఐడీ లేదు కదా, వాటి సంగతి?

కాజీపేట_జంక్షన్:
రూమ్ (ఫోన్‌లోని డేటాబేస్‌ను నడిపే లైబ్రరీ) మైగ్రేషన్‌లోనే, అంటే పట్టిక రూపు మార్చేటప్పుడే, ఒక్కో వరుసకు ఐడీ ఇచ్చేయండి. వాటిలో కొన్ని ఇదివరకే సర్వర్‌కు చేరి ఉండవచ్చు కనుక, ఆ ఒక్క విడతను మాత్రం అడ్తి, బస్తాల సంఖ్య, సమయం సరిచూశాకే సర్వర్ స్వీకరించేలా చేయండి.