గాయని కారి వెళ్లిపోయాక వచ్చిన ఆల్బమ్‌లు వినొచ్చా? (ది థర్డ్ అండ్ ది మోర్టల్)

రాత్రిషిఫ్ట్ అడిగిన ప్రశ్న:
హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ కొన్ని పాటలు సీడీలో రాసిచ్చాడు. పైన పేరు కూడా రాయలేదు. నిదానంగా నడిచే గిటార్లు, అరుపులేవీ లేకుండా ఒక అమ్మాయి గొంతు, చివర్లో ఎంతకీ అయిపోని ఒక పాట. ఆ సీడీ ఎప్పుడో పోయింది. మొన్న అనుకోకుండా అదే గొంతు మళ్లీ వినబడింది. నార్వేలోని ట్రాన్‌డైమ్ ఊరి బ్యాండ్ అట, పేరు ది థర్డ్ అండ్ ది మోర్టల్. ఆల్బమ్ 1994లో వచ్చిన 'టియర్స్ లెయిడ్ ఇన్ ఎర్త్'. అప్పటి నుంచి రోజూ అదే వింటున్నాను.

ఒకరు గాథిక్ (చీకటి ఛాయలున్న రాక్, మెటల్) అంటారు, ఒకరు డూమ్ (నిదానంగా, బరువుగా సాగే మెటల్) అంటారు, ఇంకొకరు ఫోక్ అంటారు. ఆ పేర్లతో వెతికితే ఏదీ దీని దరిదాపుల్లోకి రావడం లేదు. పైగా గాయని కారి రూస్లోట్టెన్ ఈ ఒక్క ఆల్బమ్‌తోనే వెళ్లిపోయిందని, తర్వాతవి వినక్కర్లేదని చాలామంది అంటున్నారు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

తంత్రి జవాబు:
వినక్కర్లేదన్న మాట అస్సలు నమ్మకండి. నేను ఈ బ్యాండ్‌ని ఇన్నేళ్లుగా పట్టుకుని ఉన్నది ఆ తర్వాతి ఆల్బమ్‌ల వల్లే.

ముందు మీ చేతిలో ఉన్నదాని గురించి. ఆ రోజుల్లో డూమ్ బ్యాండ్‌లో అమ్మాయి పాడితే పక్కన గర్జించే మగ గొంతు ఒకటి ఉండటం మామూలు. నార్వేలోనే స్టావాంగర్ నుంచి వచ్చిన థియేటర్ ఆఫ్ ట్రాజెడీ 1995 ఆల్బమ్ వినండి, తేడా వెంటనే తెలుస్తుంది. వీళ్లు మాత్రం మొత్తం బరువు కారి గొంతు మీదే పెట్టారు. ఆమె కూడా ఒపెరా లాగా గొంతు పెంచదు. ఊళ్లో పాత పాట పాడుకుంటున్నట్టు, సాదాగా పాడుతుంది. వెనక ముగ్గురు గిటారిస్టులు. హెడ్‌ఫోన్స్‌లో జాగ్రత్తగా వినండి, ముగ్గురూ కలిసి ఒకే గోడ కట్టరు. ఒకరు తీగలు విడివిడిగా మీటుతుంటే ఇంకొకరు ఒకే స్వరాన్ని సాగదీస్తారు. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆమె గొంతు నిలబడేది ఆ ఖాళీలోనే. మీరు చెప్పిన చివరి పాట 'ఓషియానా', దాదాపు 19 నిమిషాలు. దాన్ని పాటల మధ్యలో కలిపి వినకండి, విడిగా వినండి.

కారి తర్వాత ఆన్-మారి ఎడ్‌వార్డ్‌సెన్ వచ్చింది. 1996లో 'పెయింటింగ్ ఆన్ గ్లాస్', 1997లో 'ఇన్ దిస్ రూమ్'. ఆమెది వేరే గొంతు, శాస్త్రీయ శిక్షణ ఛాయలున్నది, ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది. బ్యాండ్ కూడా ఆమెను కారిలా పాడమనలేదు, పాటల్నే మార్చేసింది. బరువైన గిటార్లు వెనక్కి తగ్గాయి, వింత శబ్దాలు ముందుకొచ్చాయి. ఈ ధైర్యం నాకు చాలా ఇష్టం. హిట్టయిన పద్ధతిలోనే ఇంకో రెండు ఆల్బమ్‌లు చేసి ఉంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. నాకు వీళ్ల ఆల్బమ్‌లలో అన్నిటికంటే గొప్పది 'పెయింటింగ్ ఆన్ గ్లాస్'. మొదటిసారి అయోమయంగా ఉంటుంది, వదలకండి.

ఇంకో మాట. ఫిన్లాండ్ మెటల్ బ్యాండ్ నైట్‌విష్‌ని మొదలుపెట్టిన ట్యూమస్ హోలోపైనెన్ తన మీద ఈ బ్యాండ్ ప్రభావం ఉందని చెప్పాడు. అంత పెద్ద బ్యాండ్‌కి దారి చూపినవాళ్ల పేరు ఇంత తక్కువమందికి తెలియడం బాధగా ఉంటుంది.

కొండదారి జవాబు:
తంత్రి గారితో సగం ఏకీభవిస్తాను. మీకు నచ్చింది కారి గొంతులోని జానపదం అయితే 'పెయింటింగ్ ఆన్ గ్లాస్' కంటే ముందు స్టార్మ్ అనే బ్యాండ్ వినండి. డార్క్‌థ్రోన్ బ్యాండ్ ఫెన్రిజ్, సటిరికాన్ బ్యాండ్ సాటిర్, కారి కలిసి చేసిన ఆల్బమ్ 'నోర్దావిన్డ్', 1995. ఎక్కువగా నార్వే పాత పాటలే, గిటార్లతో. అందులో 'విల్లెమాన్' ఉంది. నీటి దెయ్యం ఎత్తుకుపోయిన ప్రియురాలి కోసం ఒకడు ఏటి ఒడ్డున హార్ప్ వాయించి ఆమెను వెనక్కి రప్పించుకునే కథ. వందల ఏళ్లుగా పాడుకుంటున్న పాట అది.

తర్వాత ఉల్వర్ అనే నార్వే బ్యాండ్ ఆల్బమ్ 'క్వెల్డ్‌సాంగర్', 1996. ఎలక్ట్రిక్ గిటార్ లేదు. ఎక్కువగా మామూలు గిటార్, చెల్లో, బృందగానంలా పేర్చిన గొంతులే. ఫోక్ అని మీరు వెతుకుతున్నది బహుశా ఇదే.

రాత్రిషిఫ్ట్:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. 'విల్లెమాన్' ఇప్పుడే విన్నాను, మళ్లీ పెట్టాను. ఇంతకీ కారి సొంతంగా ఏమైనా చేసిందా?

మంచులోతెలుగు జవాబు:
చేసిందండీ. 1997లో 'స్పిన్డెల్‌సిన్', నార్వేజియన్‌లోనే. మెటల్ వాసన ఉండదు.

నేను ట్రాన్‌డైమ్‌లో చదువుకున్నాను. డిసెంబర్‌లో అక్కడ పొద్దున పదింటికి తెల్లారి, రెండున్నరకల్లా చీకటి పడిపోతుంది. మంచు, చీకటి వల్లే ఇలాంటి సంగీతం పుట్టిందని అందరూ అంటారు, నాకు మాత్రం ఆ మాట నచ్చదు. అదే చీకట్లో డ్యాన్స్ పాటలు చేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లది వీళ్లు కష్టపడి వెతుక్కున్న శబ్దం.

2002లో వచ్చిన చివరి ఆల్బమ్ 'మెమాయిర్స్' గురించి తంత్రి గారు ఒక్క ముక్క చెప్పలేదు! పూర్తిగా ఎలక్ట్రానిక్ వైపు వెళ్లారు. 'టియర్స్' తర్వాత వెంటనే వింటే ఒకే బ్యాండ్ అని నమ్మలేరు. కాబట్టి వరుసలో వెళ్లండి.

తంత్రి:
కావాలనే వదిలేశానండీ, నాకది ఇంకా పట్టుబడలేదు. రాత్రిషిఫ్ట్ గారూ, వరుస అంటే అసలు మొదలు 1994లోనే వచ్చిన 'సారో' ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు). అందులో 'గ్రెవినెన్స్ బోన్' ముందు వినండి, 'పెయింటింగ్' దాకా వచ్చాక మళ్లీ ఇక్కడ రాయండి.