తిక్క ఉన్న డెత్ మెటల్ ఆల్బమ్ ఒకటి చెప్పండి

కావలి కుర్రోడు: అన్నలూ, డెత్ మెటల్లో, అదే గర్జిస్తూ పాడే భారీ రాక్‌లో, పెద్ద బ్యాండ్లన్నీ అరగదీసేశా. ఎవరూ పట్టించుకోని, కాస్త తేడాగా ఉండేది ఏదైనా ఉందా? రాత్రంతా రొయ్యల చెరువు కాపలా, హెడ్‌ఫోనే తోడు.

నెల్లూరు డ్రమ్ము: డెమిలిచ్ 'నెస్పితే', 1993. ఫిన్లాండ్ బ్యాండు, పూర్తి ఆల్బమ్ ఇదొక్కటే, 11 పాటలు కలిపి 40 నిమిషాలు కూడా ఉండవు. ఆంటీ బోమన్ గొంతు వింటే మిషనేదో పెట్టారనుకుంటావు, కానీ ఏ ఎఫెక్టూ లేదు, తేన్పుని సాగదీసి పాడినట్టు ఉంటుంది. రిఫ్‌లు, అదే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే బిట్లు, ఇంకా ఘోరం, తల ఊపుదామని మెడ వంచేలోపు తాళం పక్కకి జారిపోతుంది. కొన్ని పాటల పేర్లు చదవడానికే ఊపిరి చాలదు. 'ది స్పైన్' ఇంగ్లీషు అక్షరాలు కలియబెడితే వచ్చిందే ఆల్బమ్ పేరు.

ఒంగోలు బేస్: నాకైతే ఎక్కలేదబ్బా. స్పీకర్లో పెడితే మా అమ్మ తలుపు కొట్టి, కడుపులో బాగాలేదా నాయనా, వాము నీళ్లు ఇవ్వనా అంది. గిటార్లు మాత్రం ఒప్పుకోవాలి.

నెల్లూరు డ్రమ్ము: అమ్మకి దండం 😂 తమ్ముడూ, 2014లో పాత డెమోలతో (ఆల్బమ్‌కి ముందు చేసిన నమూనా రికార్డింగులు) కలిపి మళ్లీ వేశారు, అది వెతుకు.

కావలి కుర్రోడు: రాత్రి విన్నా. చెరువు నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్ ఆగిపోయినా తెలియలేదు, ఆ గుడగుడ పాటలోదే అనుకున్నా. ఓనరు తిట్టాడు. 'ది ఎకో' పాట మాత్రం నాలుగుసార్లు పెట్టా.