కచేరీలకు మిక్సర్: చవకదా, ఖరీదైనదా, చేయించుకున్నదా?

ప్రశ్న (విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి)
మా సభ నెలకు రెండు కర్ణాటక సంగీత కచేరీలు జరుపుతుంది. గాత్రానికి, వయొలిన్‌కు, ఘటానికి, వ్యాఖ్యాతకు ఒక్కొక్కటి, మృదంగానికి ఇరువైపులా రెండు, మొత్తం ఆరు మైకులు, శ్రుతిపెట్టెకు ఒక లైను కావాలి. మైకుల ధ్వనులను కలిపి స్పీకర్లకు పంపే మా పాత అనలాగ్ మిక్సర్‌లో ఫేడర్ (ధ్వనిని పెంచే, తగ్గించే జారుడు మీట) కదిపితే గరగర వస్తోంది, స్పీకర్లలో ఎడతెగని హమ్ వినిపిస్తోంది. కొందరు చవకైన పది ఛానళ్ల (ధ్వని వచ్చే దారుల) మిక్సర్ చాలంటున్నారు, కొందరు డిజిటల్ కన్సోల్ (పెద్ద మిక్సర్) కొనమంటున్నారు, తెలిసిన మెకానిక్ ఒకరు ఎనిమిది ఛానళ్లతో తానే కట్టి ఇస్తానంటున్నారు. శ్రుతి మీద ఆ హమ్ పడి గాయకులు ఇబ్బంది పడుతున్నారు. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (అక్కయ్యపాలెం నుంచి, సౌండ్ సర్వీసు)
అయ్యా, ఆ రెండు లోపాలకూ కారణాలు వేరు. గరగర, ఫేడర్ ట్రాక్ మీద దుమ్మూ సముద్రపు ఉప్పుగాలీ చేరినందువల్ల వచ్చేది. హమ్ మాత్రం చాలాసార్లు మిక్సర్‌ది కాదు. మిక్సర్‌కు ఒక చోటి నుంచి, ఆంప్లిఫయర్‌కు మరో చోటి నుంచి కరెంటు ఇచ్చినప్పుడు, రెండు ఎర్తుల మధ్య ఉండే స్వల్ప తేడా 50 హెర్ట్జ్ మోతగా కేబుల్ గుండా స్పీకర్లకు చేరుతుంది. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించి, బాలెన్స్‌డ్ కేబుళ్లతో (దారిలో చేరే మోతను రద్దు చేసేవి) విని చూడండి. ఎర్తు తీగను మాత్రం ఎవరు చెప్పినా తీసివేయకండి, అది ప్రాణాపాయం. ఈ పరీక్ష చేయకుండా కొంటే ఎంత ఖరీదైన కన్సోల్‌లోనైనా అదే హమ్ వింటారు.

ఇక "పది ఛానళ్లు" అన్న మాట చూసి మోసపోకండి. యమహా ఎం.జి.10 ఎక్స్.యు.లో మైకులకు ఉన్నవి నాలుగే, మిగతావి లైన్లకే. అదే వరుసలోని ఎం.జి.16 ఎక్స్.యు.లో పది ఉన్నాయి, మీకు అది సరిపోతుంది.

జవాబు (గాజువాక నుంచి)
నేను బెహ్రింగర్ ఎక్స్ 32 అనే డిజిటల్ కన్సోల్ వాడుతున్నాను. ప్రతి మైకుకూ నాలుగు బ్యాండ్ల పారామెట్రిక్ ఈక్యూ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే అమరిక) ఉన్నందువల్ల, మృదంగం ఎడమ వైపు మైకు కూత పెట్టినప్పుడు ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని వెతికి తగ్గించవచ్చు. అమరికను సీన్‌గా దాచి వచ్చే కచేరీకి మళ్లీ తెరవవచ్చు. అయితే ఏడు ఇన్‌పుట్ల కోసం ముప్పై రెండు ఛానళ్లు కొనమని నేను చెప్పను. వేదిక మీద ఒక్కొక్క కళాకారుడికీ వేరు వేరు మానిటర్ మిక్స్ (తాను వినే స్పీకరుకు పంపే ధ్వని కలయిక) ఇవ్వవలసి వచ్చినప్పుడే అది ఆలోచించండి.

జవాబు (భీమిలి నుంచి)
చేయించుకున్న మిక్సర్ నాకు మంచి ధ్వనినే ఇచ్చింది, కానీ కట్టినవారు ఊరు మారాక అది చెడిపోతే, సర్క్యూట్ పటం లేక ఎవరూ ముట్టలేదు. అందుకే ముందుగానే పటం రాయించుకోండి, ఒక్కొక్క ఛానల్ విడి కార్డుగా, ఐసీలు (చిప్‌లు) ఊడదీసి మార్చగల సాకెట్లలో, ఫేడర్లు బజారులో దొరికే కొలతలో ఉండాలని అడగండి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే వద్దు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించగానే హమ్ పోయింది. గరగర మిగిలింది కనుక ఎం.జి.16 ఎక్స్.యు. తీసుకుంటాం, దాన్ని తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న పెట్టెలో ఉంచుతాం.