గోగుపూలా, కోటిపూలా?

పాత క్యాసెట్టు: ఒక్క మాట మూడు రోజులుగా తొలిచేస్తోంది. మా ఇంట్లో పిల్లల పాటల క్యాసెట్టు ఒకటుంది. సినిమాల్లో పేరున్న గాయని పాడారు, వెనక పిల్లల కోరస్. అందులో "చందమామ రావే" పాటని "కొండెక్కి రావే, కోటిపూలు తేవే" అని వింటూ పెరిగాను. మొన్న మా పాపకి గోరుముద్దలు పెడుతూ అలాగే పాడితే అమ్మ ఆపి, "కోటి కాదే, గోగుపూలు" అంది. ఏది అసలు పాఠం?

యతిప్రియ: కోటిపూలే. తక్కిన పాదాలు చూడండి. బండెక్కి–బంతిపూలు, పల్లకీ–పాలుపెరుగు, పరుగెత్తి–పనసపండు, నా మాట–నట్టింట. అన్నిచోట్లా అదే హల్లు తిరిగొచ్చింది. కొ–కో అయితేనే ఆ వరస నిలుస్తుంది.

కొండవాలు: క–గలకు యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరంతో జోడీ, చెల్లుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక పూల సంగతి. బంతికి పేరుంది, పనసకి పేరుంది, ఇక్కడొక్కచోట ఏ పువ్వో చెప్పకుండా లెక్క చెప్పి ఊరుకుంటుందా పాట? అసలు కొండెందుకెక్కాలి? కొండగోగు కోసం! ఎండాకాలం ముంగిట ఆకు మొత్తం రాలిపోయి, ఉత్త కొమ్మల చివర పసుపుపచ్చగా ఇంతింత పూలు. మా ఏజెన్సీలో దాని జిగురు ఏరి అమ్ముకుంటారు. ఆ చెట్టును ఒక్కసారి చూసినవాళ్లు కోటి అనరు.

యతిప్రియ: కొండగోగు చెట్టు వేరు, చేలో గోగు వేరు. "గోగులు పూచె గోగులు కాచె" అన్నది చేలో గోగే కదండీ.

ఓరుగల్లు: మా నాయనమ్మ "గునుగుపూలు తేవే" అని పాడేది. బతుకమ్మకు గునుగు తెంపుకొచ్చే ఇంట్ల అదే నోటికొస్తది. గు–కొ యతి కూడా సరిపోతది.

పలకాబలపం: పూల సంగతి సరే, "రావే" మాట ఎవరూ ఎత్తలేదు. మామని పట్టుకుని "రావే" ఏమిటని మా అబ్బాయి అడిగాడు. అన్నమయ్య "చందమామ రావో జాబిల్లి రావో" అన్నాడు, పైడికోరలో వెన్నపాలు తెమ్మన్నాడు.

యతిప్రియ: "రావే యీశ్వర! కావవే వరద!" అని గజేంద్రుడి చేత పిలిపించాడు పోతన. అక్కడ "రావే" చనువు, ప్రార్థన రెండూను. "లావొక్కింతయు లేదు" దగ్గర మొదలుపెట్టి ఆ పద్యం గొంతెత్తి చదవండి. చివరి పాదానికి వచ్చేసరికి ఆ రెండు "వే"ల దగ్గర ఊపిరి తెగుతుంది. ఏనుగుకి చెల్లిన మాట పసిపిల్లకి చెల్లదా?

ఓరుగల్లు: మా బమ్మెర పోతన్న మాట వచ్చినంక ఇంక చెప్పేదేముంది!

కొండవాలు: నా బాధ వేరే. పేరున్న గొంతు ఒకసారి రికార్డు చేశాక ఆ పాఠమే ఇంటింటికీ పోతుంది, అమ్మమ్మల గునుగూ గోగూ తప్పులైపోతాయి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల్నే మైకు ముందుకు తెచ్చారు. పెద్దలు పాడి వినిపించడం వేరు, పిల్లలు తమకొచ్చింది తాము పాడటం వేరు.

పాత క్యాసెట్టు: రాత్రి మళ్లీ నాలుగైదుసార్లు తిప్పి విన్నాను. గాయని స్పష్టంగా "కో" అన్నారు. రెండోసారి కోరస్ అందుకున్నప్పుడు మాత్రం ఎడమ స్పీకర్లో ఒక సన్నటి గొంతు "గోగుపూలు" అంటోంది.

కొండవాలు: ఆ కోరస్ పిల్లలు ఏ ఊరివాళ్లో అట్ట మీద ఏమైనా రాసుందా అండీ?