గర్భిణులకు హిమోగ్లోబిన్ పరీక్ష: వేలికి సూది మానేసి క్లిప్పు పెడితే సరిపోతుందా?

సబ్‌సెంటర్_ల్యాబ్
2025 మేలో హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ముఖాన్ని కెమెరాతో చూసి రీడింగులు చెప్పే ఏఐ పరికరం ప్రారంభించారు. అప్పట్నుంచి ఎక్కడ చూసినా "ఇక రక్తం తియ్యక్కర్లేదట" అనే మాటే. అన్ని పరీక్షల గొడవా ఇక్కడ వద్దు, ఒక్కదాని మీదే మాట్లాడుకుందాం. సబ్‌సెంటర్లలో, అంగన్‌వాడీల్లో గర్భిణులకు చేసే హిమోగ్లోబిన్. ఇప్పుడు లాన్సెట్ అనే చిన్న సూదితో వేలికి గుచ్చి డిజిటల్ మీటర్‌లో చూస్తున్నారు. దాని బదులు కాంతితో కొలిచే వేలి క్లిప్పు పెట్టొచ్చా? పెట్టొచ్చనే నా వాదన. సూదికి జడిసి తప్పుకునేవాళ్లు కూడా చెయ్యి చాపుతారు. ఏఎన్ఎంకు సూది గుచ్చుకునే భయం ఉండదు. వాడేసిన లాన్సెట్లు ఎక్కడ పడేయాలన్న బాధా ఉండదు. కాదనేవాళ్లు లెక్కలతో చెప్పండి.

బయోకెమ్_గుంటూరు
లెక్కలే చెబుతాను. రక్తహీనత ముక్త్ భారత్ మార్గదర్శకాల్లో గర్భిణికి డెసిలీటర్ రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత, 7 లోపు తీవ్రం. క్లిప్పుల్లో పేరున్నది మాసిమో సెన్సర్. దాని కచ్చితత్వం 8 నుంచి 17 గ్రాముల మధ్య ±1 గ్రాము అని ఆ కంపెనీయే రాసుకుంది. చదవగానే "ఒక్క గ్రామే కదా" అనిపిస్తుంది. ఆ ±1 అనేది ఒక ప్రామాణిక విచలనం. అంటే నూటికి 68 రీడింగులే ఆ గ్రాము లోపల ఉంటాయి, 95 కావాలంటే ±2 దాకా వెళ్లాలి. అసలు హిమోగ్లోబిన్ 10.5 ఉన్న ఆమెకు 11 లేదా అంతకన్నా ఎక్కువ చూపించే అవకాశం 31 శాతం. రోజూ రెండు ఐరన్ మాత్రలు పడాల్సిన మనిషికి ఒక్కటే ఇచ్చి పంపుతాం.

ఇంకోటి. ఆ పరిధి మొదలయ్యేదే 8 దగ్గర. మనం భయపడేది 7 లోపు వాళ్ల గురించి. అక్కడ ఆ యంత్రం ఏ హామీ ఇవ్వడం లేదు.

ఫోటాన్
బయోకెమ్ గారి లెక్క సరైనదే, కానీ పోలిక తూకంగా లేదు. క్లిప్పుని ల్యాబ్ ఎనలైజర్‌తో కాదు, ఊళ్లో జరిగే వేలి చుక్కతో పోల్చాలి. 2015లో రైస్ యూనివర్సిటీ వాళ్లు ఒకే గాటు నుంచి వరసగా తీసిన చుక్కల్ని పరీక్షించి చూశారు. చుక్కకీ చుక్కకీ తేడా. సిర రక్తానికి ఉండే నిలకడ రావాలంటే 6 నుంచి 9 చుక్కల సగటు తీయాల్సి వచ్చింది. మనం ఒక్క చుక్కతో సరిపెట్టి పుస్తకంలో 9.4 అని దశాంశంతో సహా రాస్తున్నాం!

కాంతి వల్ల ఏమవుతుందో ఏం కాదో కూడా చూద్దాం. డెసిలీటర్ రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉంటుంది, పైగా కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. గ్లూకోజ్ ఉండేది 0.1 గ్రాము, పీల్చుకోవడం కూడా బలహీనం. అందుకే హిమోగ్లోబిన్ క్లిప్పుని షుగర్ వాచీలతో కలిపి కొట్టిపారేయడం సరికాదు.

కొత్తగా_చేరాను
షుగర్ వాచీలన్నీ మోసమేనా అండీ? ఇంట్లో ఒకటి కొన్నారు.

ఫోటాన్
చర్మాన్ని గుచ్చకుండా నేరుగా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అప్పుడే చెప్పింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ డోసు మార్చకండి. చేతికి అంటించుకుని షుగర్‌ని ఎడతెగకుండా చూపే సీజీఎం వేరు. దానికి చర్మం కిందకి దిగే సన్నటి తీగ ఉంటుంది.

లాన్సెట్
వేలి చుక్క నమ్మలేనిది అంటున్నారు. తీసే పద్ధతి సరిగా లేకపోతే అంతే మరి. చెయ్యి చల్లగా ఉంటే ముందు గోరువెచ్చగా చెయ్యాలి. మధ్య వేలు గానీ ఉంగరం వేలు గానీ, కొసన కాకుండా కొంచెం పక్కకి, వేలి గీతలకు అడ్డంగా గుచ్చాలి. స్పిరిట్ రాసి 30 సెకన్లు ఆరనివ్వాలి. తడి మీదే గుచ్చితే చుక్క గుండ్రంగా నిలబడదు, పరుచుకుపోతుంది, ఎర్ర కణాలూ పగులుతాయి. మొదటి చుక్క తుడిచేయాలి. ఆ తర్వాత రక్తం దానంతటదే రావాలి. చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే, వేలు పట్టుకుని పిండేస్తారు. కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, రీడింగ్ పడిపోతుంది. రక్తం పట్టే చిన్న ప్లాస్టిక్ పలక, అంటే కువెట్‌లోకి 10 మైక్రోలీటర్లు ఒక్క ఊపులో ఎక్కాలి. సగం ఎక్కాక ఆగి మళ్లీ ముంచితే గాలి బుడగ చేరుతుంది. ఆ కువెట్ పారేయడమే, ఇంకో మాట లేదు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే కోస్తా ఉక్కపోతకి అవి పాడైపోతాయి.

క్లిప్పుకీ ఇలాంటి పేచీలు లేకపోలేదు. నెయిల్ పాలిష్ ఉంటే తీయించాలి. నల్ల మెహందీ ఉంటే అసలు రీడింగే రాకపోవచ్చు. సీమంతం రోజుల్లో చూడండి.

శిశువైద్యం_వరంగల్
సూది లేని పరీక్ష నిజంగా నిలబడిన చోటు ఒకటుంది, పసికందుల కామెర్లు. రొమ్ము ఎముక మీదో నుదుటి మీదో మీటర్ ఆనిస్తే కామెర్లకు కారణమైన పసుపు పదార్థం, బిలిరుబిన్, ఎంతుందో చెబుతుంది. అయితే దానికి కంచె కట్టి వాడతారు. అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ 2022 మార్గదర్శకాల ప్రకారం రీడింగ్ ఫోటోథెరపీ (కాంతి చికిత్స) మొదలుపెట్టాల్సిన గీతకు 3 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చినా, 15 గానీ అంతకు మించి గానీ ఉన్నా రక్తం తీసి ఖాయం చేసుకోవాల్సిందే. ఫోటోథెరపీలో ఉన్న బిడ్డకి చర్మం వెలిసి రీడింగ్ తక్కువ చూపిస్తుంది, అది ఆపిన తర్వాత 24 గంటలు గడవాలి. యంత్రం మంచిదా చెడ్డదా అనే ముందు ఎక్కడ నమ్మకూడదో రాసి పెట్టుకున్నారు. హిమోగ్లోబిన్ క్లిప్పుకి ఆ రాత ఏదీ?

సబ్‌సెంటర్_ల్యాబ్
అయితే మనమూ కంచె కడదాం. క్లిప్పులో 12 లోపు వచ్చినవాళ్లకే లాన్సెట్. మిగతావాళ్లని వదిలేద్దాం.

బయోకెమ్_గుంటూరు
బావుంది, కానీ ఎంతమంది మిగులుతారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత. వాళ్లు 11 లోపే. గీతని 12కి జరిపితే ఎక్కువ మందికి ఎలాగూ గుచ్చాలి. క్లిప్పు కొన్న డబ్బూ పోయె, సూదీ తప్పకపోయె.

పైగా మొదటి విజిట్‌లో హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, బ్లడ్ గ్రూప్, ఇన్ని చూడాలి. వీటిలో బ్లడ్ గ్రూపు లాంటివి కాంతి పట్టుకోగలిగేవి కావు, రక్తం తీయాల్సిందే. అదే పోటుకు రక్తం గడ్డకట్టనివ్వని 2 మిల్లీలీటర్ల ఈడీటీఏ ట్యూబ్ ఇంకొకటి నింపితే ఎనలైజర్‌లో సీబీసీ, అంటే హిమోగ్లోబిన్‌తో సహా రక్తకణాల పూర్తి లెక్క, వచ్చేస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2024 సిఫారసు కూడా సిర రక్తం, ఆటోమేటెడ్ ఎనలైజర్. ఈ విషయంలో ఫోటాన్ గారితో ఏకీభవిస్తున్నాను, ఒక్క వేలి చుక్క నాకూ నచ్చదు.

ఇక మిగిలింది తర్వాతి విజిట్లు. అక్కడ నియమం ఏమిటి? మాత్రలు మొదలుపెట్టిన నెలకి కనీసం 1 గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. ±2 గ్రాములు ఊగే యంత్రంతో ఒక గ్రాము పెరుగుదల ఎలా పట్టుకుంటారు?

ఫోటాన్
దానికి దారి ఉంది. ఆ తేడాలో రెండు పాళ్లు ఉంటాయి. ఒకటి రీడింగ్‌కీ రీడింగ్‌కీ మారేది, మూడుసార్లు తీసి సగటు వేస్తే తగ్గుతుంది. రెండోది ఆ మనిషికే అంటుకుని ఉండేది, చర్మం రంగు, వేలి మందం లాంటి వాటివల్ల వచ్చేది. అది సగటుతో పోదు. కానీ మొదటి విజిట్‌లో ఈడీటీఏ ట్యూబ్ రిజల్ట్ వచ్చింది కదా, అదే రోజు క్లిప్పు రీడింగ్ కూడా రాసుకుంటే ఆమె తేడా ఎంతో తెలుస్తుంది. ట్యూబ్‌లో 9.6, క్లిప్పులో 10.4 అనుకోండి, తర్వాతి నెలల్లో 0.8 తీసేసి చూడాలి. ఆపరేషన్ థియేటర్లలో ఈ సర్దుబాటు చేస్తూనే ఉన్నారు. వేలికి రక్తం ఎంత బాగా పారుతోందో క్లిప్పు చూపే అంకె, పర్ఫ్యూజన్ ఇండెక్స్, 1 లోపు ఉంటే ఆ రీడింగ్ రాయకూడదు, చెయ్యి వేడి చేసి మళ్లీ తియ్యాలి.

బయోకెమ్_గుంటూరు
థియేటర్లో అది గంటల వ్యవహారం. ఇక్కడ నెలలు. ఎనిమిదో నెలలో వేళ్లకి నీరు పడితే మీ 0.8 అలాగే ఉంటుందా?

శిశువైద్యం_వరంగల్
అది తేలాలంటే వాదన కాదు, జత రీడింగులు కావాలి. ఒకే గర్భిణికి మూడు, ఆరు, ఎనిమిదో నెలల్లో ఒకే పూట క్లిప్పూ ట్యూబూ రెండూ. వేళ్ల వాపు ఉందా లేదా పక్కన ఒక గడి. 8 లోపు ఉన్నవాళ్లు ఆ జాబితాలో తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆ లెక్కతో పని లేదు.

లాన్సెట్
ట్యూబ్ నింపగానే మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చెయ్యమని కూడా ఆ కాగితం మీద రాయండి. కదపకుండా అలా స్టాండ్‌లో పెట్టేస్తే గడ్డలు కడతాయి. అప్పుడు ఎనలైజర్ చెప్పేదీ తప్పే అవుతుంది, నింద క్లిప్పు మీద పడుతుంది.